సర్కారు భవనములు – వానిని గీచిన చేయి

మన పల్లెలో నొక గుడి లేచినచో ధర్మకర్త పేరు శాసనమున కెక్కును. చెరువు త్రవ్వించినవాని పేరు తరతరములు నిలుచును. రచ్చబండ కట్టించిన పుణ్యాత్ముడెవరో పసిపిల్లలకు సైతము తెలియును. కాని జిల్లా కోర్టు, పెద్దాసుపత్రి, కళాశాల, రెవెన్యూ కచేరి – వీనిని కట్టిన దెవరని యడిగి చూడుడు. "సర్కారువారు" అను నొక్కమాటయే బదులు వచ్చును. సర్కారు సున్నము నూరదు, ఇటుక పేర్చదు, కాగితముపై గీత గీయదు. ఆ గీతలు గీచిన మనుష్యు డొకడు, వానిని చూచి గోడ లేపిన మనుష్యులు వందలకొలది యుందురు. ప్రభుత్వ భవనములను రూపొందించు వాస్తుశిల్పి చేయు పని యెట్టిది, దానివలన ప్రజలకు కలుగు మేలుకీళ్లేవి యను విషయమును నేడు మనవి చేయుదును.

ఇచ్చట వాస్తుశిల్పి యనగా ఆయము కట్టి, దిక్కులు చూచి, ముహూర్తము పెట్టు పండితుడని భావింపవలదు. కట్టడమున మూడు విధముల తెలివి చేరియున్నది. గోడ యెట్లు కట్టవలెనో మేస్త్రీ యెరుగును. ఆ గోడ యెంత బరువు మోయగలదో ఇంజనీరు లెక్క కట్టును. అసలా గోడ యచ్చట నుండవలెనా, దానిలో వాకిలి యే ప్రక్కకు తెరవవలెను, ఎండ యెచ్చట పడును, గాలి యెటునుండి వచ్చును, అర్జీ పట్టుకొని వచ్చినవాడు పిలుపు వచ్చువరకు ఎచ్చట కూర్చుండవలెను – ఇది ఆలోచించువాడు వాస్తుశిల్పి.

సొంతయిల్లు కట్టించుకొనువాడు తనకు కావలసినది తానే చెప్పుకొనును. నచ్చకున్న ఆ గోడ పడగొట్టి మరియొకటి లేపించును. ప్రభుత్వ భవనమున కట్లు కాదు. దానికి ధనము మంజూరు చేయువా డొకడు. దానిలో కుర్చీ వేసికొని కూర్చుండువాడు మరియొకడు. శిస్తు రూపమున దాని వెల చెల్లించి, ఎండలో నడచివచ్చి, దాని మెట్లపై వేచియుండువాడు వేరొకడు. మొదటి యిద్దరి మాటయు శిల్పి చెవిలో పడును. మూడవవాని నెవరును అడుగరు. ఆ మూడవవానిని అడుగకయే వాని యవసరమును గ్రహించుటలోనే ప్రభుత్వ శిల్పి యొక్క యోగ్యత యున్నది.

పని జరుగు క్రమమును కూడ తెలిసికొనుట మంచిది. మొదట నొక శాఖవారు తమకు భవనము కావలెనని వ్రాయుదురు. శిల్పి స్థలమును చూచి పటము వ్రాయును. దానిని బట్టి ఇటుక, సున్నము, కలప, కూలి లెక్కించి ఎస్టిమేటు తయారు చేయుదురు. పరిపాలనాధికారి ధనమునకు ఒప్పుకోలు తెలుపును. ఇంజనీరు పటములను, లెక్కలను సరిచూచి మరియొక మంజూరు ఇచ్చును. పిమ్మట టెండర్లు పిలిచి కంట్రాక్టరునకు పని యప్పగింతురు. జరిగిన పనిని కొలిచి కొలతల పుస్తకమున నెక్కించి సొమ్ము చెల్లింతురు. ఇన్ని చేతులు మారిన పిదప మొదట గీచిన గీత చెక్కుచెదరక నిలుచుట కష్టము. ఒకరు వరండా వెడల్పు తగ్గింతురు. ఒకరు కిటికీలు తగ్గింతురు. అన్నిటిని కాపాడుకొనుచు, అందరితో వాదించుచు, ఆగ్రహము తెచ్చుకొనక పని ముగించుటయే ఆ వృత్తిలోని తపస్సు.

విషయమును గాలిలో చెప్పుటకంటె ఒక మనుష్యుని చరిత్రను పట్టుకొని చెప్పుట మేలు. రాబర్టు ఫెలోసు చిషోల్ము అను నాంగ్లేయు డొకడు 19వ శతాబ్దమున మద్రాసు ప్రభుత్వమునకు శిల్పిగా నుండెను. ఆ కాలమున గంజాము మొదలు నెల్లూరు వరకు గల సర్కారు సీమయు, బళ్లారి, కడప, కర్నూలు మండలములును మద్రాసు రాజధానిలో చేరియుండెను. కావున ఆయన కట్టిన భవనములతో మన తాతముత్తాతలకు సంబంధము కలదు. వారిలో కొందరు అచ్చట పట్టములు పుచ్చుకొనిరి. కొందరు శిస్తు తగాదాలతో అచ్చటికి కాగితములు నడిపిరి.

చిషోల్ము ఇంగ్లండున 1840 ప్రాంతమున జన్మించెను. యువకుడుగా కలకత్తా చేరి పబ్లిక్ వర్క్సు శాఖలో ఉద్యోగము చేసెను. ఆ శాఖ 1850 దశకమున డల్హౌసీ గవర్నరు జనరలుగా నున్నప్పుడు ఏర్పడినది. అందు పెక్కుమంది సైన్యమునకు చెందిన ఇంజనీర్లు. వంతెనలు, కాలువలు, పటాలముల నివాసములు కట్టుటలో వారు నేర్పరులు. అయితే పటాలము కొరకు గీచిన పటమునే కొంచెము మార్చి కచేరికిని, ఆసుపత్రికిని వాడుట వారికి పరిపాటి యయ్యెను.

1864లో మద్రాసు ప్రభుత్వమువారు ప్రెసిడెన్సీ కళాశాలకును, విశ్వవిద్యాలయపు సెనేట్ హౌసునకును పటములు కోరుచు పోటీ ప్రకటించిరి. చిషోల్ము పంపిన పటములు ఉత్తమములని తేలెను. 1865లో ఆయన మద్రాసునకు వచ్చెను. తరువాత 1872లో ప్రభుత్వమునకు సలహాదారగు శిల్పి యను పదవి లభించి 1886 వరకు దానియందుండెను.

ప్రెసిడెన్సీ కళాశాల పని 1867లో మొదలై 1870లో పూర్తియయ్యెను. ఆ సంవత్సరము మార్చి 25వ తేదీన విక్టోరియా రాణి కుమారుడగు ఎడింబరో డ్యూకు దానిని తెరచెను. సముద్రమునకు అభిముఖముగా నున్న ఆ యెఱ్ఱని కట్టడము చాలవరకు ఇటలీ దేశపు పద్ధతిలోనిది. శిల్పి తన దేశమున నేర్చినదానిని ఇచ్చటికి తెచ్చి నిలిపెను. అందమున కేమియు లోపము లేదు. కాని ఆ రూపము ఈ నేలలో మొలచినది కాదు. చిషోల్ము అచ్చటనే యాగియున్నచో ఆయనను గూర్చి నేడు ఇంతగా చెప్పుకొన బనియుండెడిది కాదు.

ఆయనకు రెండవ విద్యాభ్యాసము మధురలో జరిగెను. 1866 మొదలు 1872 వరకు మద్రాసు గవర్నరుగా నుండిన నేపియరు ప్రభువు దేశీయ శిల్పమునందు ఆసక్తి గలవాడు. ఈ దేశమున కట్టు భవనములకు ఈ దేశపు పద్ధతులనే గ్రహింపవలెనని ఆయన బహిరంగముగా ప్రసంగించెను. మధురలో తిరుమలనాయకుని మహలు శిథిలమై యుండగా దానిని బాగుచేయించుటకు పూనుకొనెను. ఆ మహలు 17వ శతాబ్దమున తెలుగుమాట లాడిన నాయకరాజుల కట్టడమే గదా! ఆ మరమ్మతు భారము చిషోల్మునకు వచ్చెను. మహా స్తంభములను, వానిని కలుపు తోరణములను, పైన గచ్చుతో తీర్చిన లతలను, యాళి బొమ్మలను ఆయన కొలిచి, గీచి, పరిశీలించెను. విరిగినచోట అతుకు వేయుటకు పాత మేస్త్రీలు గచ్చు కలుపు విధమును దగ్గరనుండి చూచెను. పుస్తకములలో చదివిన శిల్పము వేరు, పనివాని వ్రేళ్లలో నిలిచిన శిల్పము వేరని ఆయనకు తెలియవచ్చెను.

ఆ గచ్చును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. మద్రాసు సున్నపు గచ్చునకు దేశదేశముల పేరుండెడిది. సముద్రపు గుల్లలు కాల్చి తీసిన సున్నమును గానుగలో నూరి, ఇసుక కలిపి మొదటి పూత పూయుదురు. అందు బెల్లపు నీరు చేర్చుటయు కలదు. పైపూతకు మెత్తని తెల్లసున్నమును తిరుగళ్లలో వెన్నవలె నూరి, కోడిగ్రుడ్డు తెల్లసొన, పెరుగు, నేయి కలిపి పలుచగా పట్టింతురు. తడి యారకముందే నున్నని రాతితో గంటలకొలది రుద్దుదురు. చివరకది పాలరాతివలె మెరయును. మిద్దె వేయుటయు నట్లే. టేకు దూలములపై సన్నని ఇటుకలను నిలువుగా సున్నముతో పేర్చి, పైన ఇటుకముక్కల కంకరయు సున్నమును పరచి, స్త్రీలు వరుసగా కూర్చుండి కరక్కాయ, బెల్లము నానిన నీరు చల్లుచు చెక్కబడితెలతో దినములకొలది కొట్టుదురు. ఆ దెబ్బల లయకు పాటలు కూడ పుట్టినవి. ఇనుపకమ్మియు, సిమెంటును లేకయే అట్టి మిద్దెలు నూరేండ్లు వాననాపినవి.

ఈ నూతన జ్ఞానమును ప్రయోగించుటకు చిషోల్మునకు చేపాకమున అవకాశము కలిగెను. అచ్చటి మహలు ఆర్కాటు నవాబగు మహమ్మదాలీ వాలాజా 1768లో కట్టించినది. 1855లో చివరి నవాబు సంతానము లేక మరణింపగా ఇంగ్లీషువారు నవాబు పదవినే తీసివేసిరి. 1859లో ఆ మహలును వేలము వేసి, ప్రభుత్వమే కొనెను. ఖాల్సామహలు, హుమాయూను మహలు అను రెండు భాగములు వేరువేరుగా నుండెను. ఆ రెంటి నడుమ చిషోల్ము ఒక చతురస్రపు గోపురమును లేపి, పాత కట్టడపు కమానులకును గుమ్మటములకును అనుగుణముగా క్రొత్త భాగములను చేర్చెను. ఏది నవాబు నాటిదో, ఏది దొర నాటిదో సామాన్యుని కంటికి పట్టుబడదు.

అందులో నుండిన కచేరి యేది? రెవెన్యూ బోర్డు. శిస్తు విషయమున మన జిల్లాల కలెక్టర్ల కందరికి నది పై యధికారము. నవాబు దర్బారు తీర్చిన చోట రైతు కాగితము కట్టలు పేరుకొనినవి. పరాయి ప్రభుత్వము పాతరాజు నింటిలోనే, పాతరాజు వేషముతోనే కూర్చుండెను. గుమ్మటమును చూచినవాడు ఇది మనదే యనుకొనవలెనని వారి యభిప్రాయమని కొందరు విమర్శకులు వ్రాసిరి. అది పూర్తిగా తోసివేయదగిన మాట కాదు. అయినను, అందమైన దానిని పడగొట్టి బారకాసు కట్టుటకంటె, ఉన్నదానిని గౌరవించి దాని ప్రక్కన ఒదిగి కట్టుట మంచి శిల్పికి తగిన నడవడి యని యొప్పుకొనక తప్పదు.

చిషోల్ము పేరు నిలిపిన కట్టడము సెనేట్ హౌసు. 1874లో ప్రారంభమై 1879లో ముగిసెను. పోటీకి గీచిన పాత పటమును విడిచి, అప్పటికి తాను నేర్చిన దేశీయ పద్ధతులతో దానిని మలచెను. నడుమ నొక మహాసభాశాల, ఇరుప్రక్కల స్తంభములతో వరండాలు, నాలుగు మూలల గుమ్మటములు దాల్చిన బురుజులు, కిటికీలకు రంగుటద్దములు. ఇటుకయు రాయియు రంగురంగులుగా కలిసిన ఆ గోడలలో ముసల్మాను కమానులు, తూర్పుదేశపు క్రైస్తవాలయముల గుమ్మటములు, మన మంటపముల స్తంభములు – అన్నియు నొకచోట చేరి పోట్లాడక యున్నవి. ఈ కలయిక పద్ధతినే తరువాత ఇండో సారసెనిక్ అని పిలిచిరి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము పుట్టువరకు మన సర్కారు జిల్లాల విద్యార్థులు నల్లగౌను ధరించి పట్టము పుచ్చుకొనినది ఈ మద్రాసు విశ్వవిద్యాలయమునందే. 1937లో మద్రాసు శాసనసభ కొన్ని నెలలు ఈ శాలయందే సమావేశమయ్యెను. తెలుగు జిల్లాల ప్రతినిధులును అందుండిరి.

కాని ఈ భవనపు తారీఖులను మరియొకమారు చూడుడు. 1874 నుండి 1879. మన పెద్దలు ధాతకరువని చెప్పుకొను మహాక్షామము 1876లో వచ్చి 1878 వరకు దక్షిణదేశమును దహించెను. బళ్లారి, కర్నూలు, కడప మండలములు మిక్కిలిగా నష్టపడినవి. లక్షలకొలది జనులు మరణించిరి. ఆ దినములలో చేపాకమున రంగుటద్దముల శాల లేచుచుండెను. దానికి వెనుకనే, కూవము నదిని అడయారుతో కలుపుటకై 1877–78లో క్షామపీడితులచేత కాలువ త్రవ్వించిరి. అదియే మన పెదగంజాము వైపునుండి నెల్లూరి మీదుగా వచ్చు బకింగుహాము కాలువలోని భాగము. ఒక ప్రక్క గుమ్మటము, ఒక ప్రక్క గంజికొరకు మన్నెత్తు ఎముకల గూళ్లు. ఈ రెండును ఒకే ప్రభుత్వపు పద్దులలోనివి. శిల్పి దోషి యని నేననను. కరువును తెచ్చినదియు, ధనమును పంచినదియు ఆయన కాదు. కాని ప్రజాధనముతో లేచు ప్రతి కట్టడమును చూచునప్పుడు దీని యందమును మాత్రమే కాక దీని కాలమును కూడ చూడవలెనని ఆ తారీఖులు మనకు చెప్పుచున్నవి.

1877 నుండి 1883 వరకు చిషోల్ము మద్రాసు శిల్పకళాశాలకు అధిపతిగా కూడ నుండెను. 1850లో వైద్యుడగు అలెగ్జాండరు హంటరు స్థాపించిన పాఠశాల యది. కట్టడమునకు కావలసిన పనులు చేయుటకు మనుష్యులుండవలెను, వారిని తీర్చుటకు చోటుండవలెను అని గ్రహించిన శిల్పికి ఈ రెండు పదవులు ఒకదాని కొకటి తోడయ్యెను. దేశీయ పనివాని వద్ద కూర్చుండి నేర్చుకొననివాడు ఈ దేశమున మంచి కట్టడము కట్టలేడని ఆయన తన దేశపు శిల్పుల సంఘమునకు నివేదించెను.

తిరువనంతపురమున 1880లో పూర్తియైన నేపియరు వస్తుప్రదర్శనశాల ఆ మాటకు సాక్ష్యము. మలయాళదేశమున వాన మెండు. అచ్చటి యిండ్లకు నిట్టవాలుగా దిగు పెంకుకప్పు, కప్పు చివర చెక్కిన ముఖపట్టికలు, గాలి యాడు సందులు ఉండును. చిషోల్ము ఆ యింటికప్పునే పెంచి మహాభవనమున కెక్కించెను. మద్రాసులో గుమ్మటము కట్టిన చేయి అచ్చట గుమ్మటము కట్టలేదు. వాన యెట్లు పడునో కప్పు అట్లు వంగవలెనని తెలిసికొనెను. 1884లో తెరచిన మద్రాసు పెద్ద తపాలా కచేరి కూడ ఆయన గీచినదే.

ఇక మన తెలుగువారి సంబంధము. మద్రాసు పురజనులు తమకొక సభామందిరము కావలెనని చందాలు వేసికొనిరి. 1883 డిసెంబరులో విజయనగర ప్రభువగు ఆనందగజపతిరాజుగారు దానికి శంకుస్థాపన చేసిరి. గురజాడ అప్పారావుగారిని ఆదరించిన రాజుగారు వారే. ఆ విక్టోరియా పబ్లిక్ హాలునకు పటము చిషోల్మువ్రాసెను. కట్టినవారు తాటికొండ నంబెరుమాళ్ల శెట్టిగారు. వారు తెలుగు వైశ్యులు; 1856లో జన్మించి 1925లో గతించిరి. మద్రాసు కట్టడపు కంట్రాక్టర్లలో అగ్రగణ్యులు. బళ్లారి ధర్మవరము కృష్ణమాచార్యులవారి సమాజము 1891లో మద్రాసు వచ్చి తెలుగు నాటకము లాడగా, వానిని చూచిన యుత్సాహముతో ఆ యేడే సుగుణవిలాససభ వెలసెను. ఆ సభవారు తరువాత నాటకములాడిన రంగస్థలము ఈ మందిరమే.

చిషోల్ము తరువాత ఆ స్థానమునకు వచ్చిన హెన్రీ ఇర్విను మద్రాసు హైకోర్టును తీర్చెను. తొలి పటము బ్రాసింగ్టను అను శిల్పి వ్రాసెను. ఇర్విను దానిని సంస్కరించెను. 1888లో మొదలిడి 1892లో ముగించిన ఆ యెఱ్ఱని మహాభవనమును కట్టిన కంట్రాక్టరును నంబెరుమాళ్ల శెట్టిగారే. పటము సీమదొరది, పనితనము మనవారిది. పుస్తకములలో దొరల పేర్లు నిలిచినవి. శెట్టిగారి పేరును కొందరెరుగుదురు. గచ్చు రుద్దిన మేస్త్రీ పేరును, మిద్దె కొట్టిన కూలి స్త్రీ పేరును ఏ పుస్తకమునను లేవు.

ప్రభుత్వపు కొలువు విడిచిన పిదపను చిషోల్ము ఊరకుండలేదు. బరోడాలో మహారాజు శాయాజీరావు గాయకవాడుగారికి లక్ష్మీవిలాస ప్రాసాదమును కట్టుచుండిన చార్లెసు మాంటు అను ఇంజనీరు 1881లో మరణించెను. తన లెక్కలు తప్పినవి, కట్టడములు కూలునను భయముతో ఆయన మతి చెదరెనని చెప్పుదురు. ఆ పనిని చిషోల్ము చేపట్టి 1890లో ముగించెను. ఆ ప్రాసాదము నేటికిని నిలిచియున్నది. అచ్చటి కళాశాలకు మహాగుమ్మటమును, వస్తుప్రదర్శనశాలను కూడ ఆయనయే రూపొందించెను. చివర స్వదేశము చేరి లండనులో నొక క్రైస్తవమందిరమును 1907 ప్రాంతమున నిర్మించెను. దానిని నేడు సంగీతశాలగా వాడుచున్నారు. 1915లో ఆయన మరణించెను.

ఆయన నడచిన త్రోవనే తరువాత పలువురు నడచిరి. మన హైదరాబాదులో 1908 మూసీ వరద నగరమును ముంచిన పిమ్మట పునర్నిర్మాణము సాగెను. 1914లో నిజాము కొలువునకు వచ్చిన విన్సెంటు ఎష్ అను శిల్పి కాచిగూడ రైలుస్టేషనును, సిటీ హైస్కూలును, ఉస్మానియా ఆసుపత్రిని రూపొందించెను. హైకోర్టు నిర్మాణమునందు ఆయనతోబాటు జయపూరు శిల్పి శంకరలాలు చేయియు కలదు. మూసీ యొడ్డున ఎదురెదురుగా నిలిచిన ఆ భవనములు మద్రాసు పద్ధతికి సోదరులవంటివి.

కట్టుటతో కథ ముగియదు. మద్రాసు తపాలా కచేరి 2000 సంవత్సరమున అగ్నిప్రమాదమునకు గురియయ్యెను. చేపాకపు ఖాల్సామహలు 2012 జనవరిలో కాలిపోయెను. తరువాత దానిని పాతపద్ధతి సున్నముతోనే పునరుద్ధరించిరి. సెనేట్ హౌసు చాలకాలము మూతపడి పాడుపడి, ఈ శతాబ్దారంభమున బాగుపడినది. ఉస్మానియా ఆసుపత్రి పాతభవనములోనికి 2020లో వాననీరు చొచ్చుకొనిరాగా రోగులను వేరుచోటికి తరలింపవలసివచ్చెను. మంచి గోడకు శత్రువు కాలము కాదు; పట్టించుకొననితనము. నీరు కారు గొట్టమును సకాలమున సరిచేయనివాడు నూరేండ్ల కట్టడమును పదేండ్లలో చంపును. గోడ చీలికలో రావిమొక్క మొలచిననాడే పెరికివేయుట రూపాయి పని. మానైన పిమ్మట లక్షల పని. గచ్చు గోడకు సిమెంటు పూత పూసినచో లోని చెమ్మ వెలుపలికి రాక గోడ పుచ్చిపోవును. పాతదానికి పాతమందే వేయవలెను.

పెద్దలారా, ఈ చరిత్రయంతయు పట్టణములదని మీరు తలంపవలదు. నేడు పంచాయతీ కార్యాలయము, పాఠశాల, ఆరోగ్యకేంద్రము మీ గ్రామమున కట్టుచున్నారు. పటము పై కచేరినుండి వచ్చును. అన్ని గ్రామములకు నొకటే పటము. అది తీరమున నున్న ఊరిదో, రాయలసీమ యెండలో నున్న ఊరిదో పటమున కెరుక లేదు. మీకు ఎరుక. చిషోల్ము మధురలో మేస్త్రీని అడిగినట్లు, మీ ఊరికి వచ్చిన ఇంజనీరు మిమ్ములను అడుగవలెను. అడుగకున్న మీరే చెప్పవలెను. ఈ స్థలమున వానకాలమున నీరు నిలుచునా? పడమటి యెండ ఏ గోడకు కొట్టును? పింఛను కొరకు వచ్చిన ముసలవ్వ నిలువనీడ యున్నదా, ఆమె యెక్కగల మెట్లేనా? బడిలో గాలి యెదురుబెదురు కిటికీలగుండ పోవునా? ఆడపిల్లలకు మరుగు కలదా? ఏటేట సున్నము వేయించుటకును, కప్పు చూచుకొనుటకును ధనమెచ్చటనుండి వచ్చును? ఈ ప్రశ్నలు పటము మంజూరు కాకముందడిగినచో గీత మారును. గోడ లేచిన పిమ్మట అడిగినచో నిట్టూర్పే మిగులును.

ఇంకొక మనవి. భవనము పూర్తియైననాడు ఫలకము వేయింతురు. ఎవరు తెరచిరో, ఎవరు పునాదిరాయి వేసిరో దానిపై నుండును. ఆ రాతి క్రిందుభాగమున, చిన్న యక్షరములతోనైనను, పటము వ్రాసినవాని పేరును, గోడ కట్టిన మేస్త్రీ పేరును చెక్కించుడు. దానికి పెద్దగా ఖర్చు లేదు. తన పేరు రాతికెక్కునని తెలిసినవాడు సున్నమున ఇసుక పాలు మించనీయడు. మీ మనుమలు ఇది కట్టినదెవరని యడిగిననాడు "సర్కారువారు" అను నొక్కమాటతో సరిపెట్టవలసిన పనియు నుండదు.